నలభై ఇళ్లు, ఒక్క సంపు: అపార్ట్‌మెంట్ ప్రశ్నలకు జవాబులు

ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అపార్ట్‌మెంట్ల నుంచే వచ్చాయి. చెత్త, నీళ్లు, కరెంటు, మధ్యలో పక్కింటివాళ్ల మీద చిరాకు. ఒకే విషయం మీద వచ్చిన ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. తడి చెత్తతో ఎరువు చేద్దామని నిరుడు రెండు పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు కొన్నాం. నెల తిరక్కముందే కంపు మొదలైంది. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు గొడవ చేస్తే మూసేశాం. మళ్లీ మొదలుపెడితే ఈసారైనా కుదురుతుందా? (నిజాంపేట నుంచి ఒక అసోసియేషన్ కార్యదర్శి)

జవాబు: కుదురుతుంది. ముందు లెక్క చూడండి. ఇంటికి రోజుకు 500 నుంచి 700 గ్రాముల తడి చెత్త వస్తుంది. పుచ్చకాయలు, మామిడిపళ్ల రోజుల్లో కిలో దాటుతుంది. 40 ఇళ్లకు సగటున 25 కిలోలు అనుకోండి. ఎరువు తయారవడానికి నెలన్నర పడుతుంది. అంటే ఏ రోజు చూసినా నెలన్నర సరుకు మీ దగ్గర ఉండాలి. అది రెండు డ్రమ్ముల్లో పట్టదు. పట్టించాలని తొక్కి కూరితే లోపల గాలి ఆడదు. గాలి ఆడని చోట కుళ్లుతుంది. మీకు వచ్చిన కంపు అదే.

డ్రమ్ములు పక్కన పెట్టి, నాలుగు జాలీ తొట్లు చేయించండి. ఒక్కొక్కటి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. యాంగిల్ ఫ్రేము, చుట్టూ అర అంగుళం కళ్లున్న వెల్డెడ్ జాలీ. అంతకంటే పెద్ద కళ్లుంటే ఎలుకలు దూరతాయి. ముందు వైపు పలక ఊడదీసేలా ఉండాలి, లేకపోతే తిరగేయడానికి ఎవరూ ఒప్పుకోరు. పైన వాన తగలకుండా రేకు. కింద ఇటుకలు ఎడంగా పేర్చి, వాటి మీద ఎండు కొమ్మలో కొబ్బరి మట్టలో అర అడుగు మందాన పరవండి. ఒక తొట్టి నిండటానికి రెండు వారాలు పడుతుంది. నాలుగోది నిండేసరికి మొదటిది ఖాళీ చేయడానికి సిద్ధంగా ఉంటుంది.

రోజూ చేయాల్సింది ఇది. 25 కిలోల తడి చెత్త సుమారు రెండున్నర బకెట్లు అవుతుంది (20 లీటర్ల బకెట్‌తో). అంతే కొలత నలిపిన ఎండుటాకులు కలపాలి. బరువు కాదు, బకెట్ లెక్క. మన వంటింటి చెత్తలో 70–80 శాతం నీళ్లే. ఆ తడిని పీల్చడానికీ, మధ్యలో గాలి సందులు ఉంచడానికీ ఆకులు కావాలి. మొదటి తొట్టికి 5 కిలోల పేడ 10 లీటర్ల నీళ్లలో కలిపి, నిండుతున్న కొద్దీ పొరపొరకూ చిలకరించండి. తర్వాతి తొట్లకు పేడ అక్కర్లేదు. పాత తొట్టిలోంచి సగం మాగిన ఎరువు రోజుకు రెండు పారలు వేస్తే చాలు, తోడు వేసినట్టే. పైన చెత్త కనిపించకుండా ఎప్పుడూ ఆకులతో కప్పాలి. వారానికోసారి పారతో తిరగేయాలి.

తడి సరిగా ఉందో లేదో చెయ్యే చెప్తుంది. గ్లవ్ వేసుకుని పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటీ అరా చుక్క రావాలి. ధార వస్తే ఆకులు తక్కువయ్యాయి. ఏమీ రాకుండా పొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి, అలాంటి తొట్టికే చీమలు పడతాయి. మూడో రోజున ఒక ఇనుప చువ్వ మధ్యలో గుచ్చి ఐదు నిమిషాలాగి తీయండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే పని బాగా జరుగుతున్నట్టే. ఆ వేడికే పురుగుల గుడ్లూ కలుపు గింజలూ చస్తాయి.

కంపులో కూడా తేడాలున్నాయి. ముక్కు మండేలా ఘాటుగా వస్తే అది అమ్మోనియా. ఆకులు చాల్లేదని అర్థం. కుళ్లిన గుడ్డు వాసనైతే గాలి ఆడటం లేదు, వెంటనే తిరగేయండి. బూడిద రంగు లావుపాటి పురుగులు కనిపిస్తే హడలిపోకండి, మందు కొట్టకండి. అవి ఒక నల్ల ఈగ పిల్లలు. చెత్తను గబగబా తినేస్తాయి, ఇళ్లలోకి రావు.

ఎక్కువ తొట్లను పాడుచేసేది మన అన్నం. మిగిలిన అన్నం ముద్దలు ముద్దలుగా పడితే లోపల గాలి చేరక పులుస్తుంది. విదిలించి, చల్లి, ఆకులు కలపాలి. పప్పుచారు, మజ్జిగ, రసం బకెట్లో పోయకూడదు. సింకులో జల్లెడ పెట్టి వంపి, మిగిలిన పిప్పి మాత్రమే వేయమనండి. చింతపండు పిప్పి, టీ పొడి, ఉల్లి పొట్టు నిక్షేపంగా వేయొచ్చు. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు నెలన్నరలో కరగవు, విడిగా తీయండి. ఆదివారం కోడి ఎముకలు, చేప తలకాయలు మొదటి ఆరు నెలలు వద్దు. పద్ధతి కుదిరాక చూసుకోవచ్చు. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని రాసి ఉన్న కవర్లు కూడా వద్దు. చాలా రకాలు మీ తొట్టిలో ఉండే వేడికి కరగవు.

ఆకుల సంగతి ముందే చూసుకోవాలి. వేప, కానుగ ఆకు రాలేది శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా. రోజుకు 50 లీటర్ల చొప్పున మూడు నెలల వానాకాలానికి 4,500 లీటర్లు, అంటే 100 లీటర్లు పట్టే గోతాలు 45 కావాలి. ఆ రోజుల్లో వీధి ఊడ్చేవాళ్లు కుప్పపోసి తగలబెట్టే ఆకే మీకు కావాల్సింది. ఆకు దొరకకపోతే కొబ్బరి పొట్టు, రైస్‌మిల్లు ఊక సగం సగం కలపండి. ఊక ఒక్కటే తడి పీల్చదు, కొబ్బరి పొట్టు ఒక్కటే అణిగిపోతుంది. కొబ్బరి పొట్టు దిమ్మను కుండీలకు నానబెట్టినట్టు నానబెట్టకండి, పొడిగానే చిదిమి వాడాలి. రంపపు పొట్టు తెచ్చేవాళ్లు ప్లైవుడ్ కోసే దుకాణం నుంచి తేవద్దు, అందులో జిగురు మందులుంటాయి.

ఇక అసలు మాట. ఈ పనికి రోజుకు గంట, గంటన్నర పడుతుంది. దాన్ని వాచ్‌మన్ మెడకు ఊరికే చుట్టకండి. విడిగా జీతం, గ్లవ్స్, గమ్ బూట్లు, పార ఇవ్వండి. ఆయన సెలవులో ఉన్నప్పుడు ఎవరు చేయాలో కూడా ముందే అనుకోండి. మూడు రోజులు ఎవరూ ముట్టుకోని తొట్టిని దారికి తేవడానికి పది రోజులు పడుతుంది.

నెలకు 750 కిలోల చెత్త నుంచి 120–150 కిలోల ఎరువు రావచ్చు. మాగిందో లేదో తెలియాలంటే, కొంచెం ఎరువులో పది మెంతిగింజలు వేసి తడపండి. నాలుగైదు రోజుల్లో ఎనిమిదైనా మొలిస్తే కుండీలకు పోయొచ్చు. లేకపోతే ఇంకో రెండు వారాలు ఆగాలి.

ప్రశ్న: ఎంత చెప్పినా మా దగ్గర ఆరు ఫ్లాట్లవాళ్లు చెత్త కలిపేస్తున్నారు. జరిమానా వేయొచ్చా? (కూకట్‌పల్లి)

జవాబు: సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి నిబంధనల్లో పెట్టుకుంటే వేయొచ్చు. కానీ జరిమానా కట్టి కలిపేసేవాళ్లు తయారవుతారు. అంతకంటే బాగా పనిచేసేది, కలిపిన బకెట్‌ను తీసుకోకుండా గుమ్మం దగ్గరే వదిలేయడం. వాచ్‌మన్ ఈ పని ధైర్యంగా చేయాలంటే ఆయన పక్షాన కమిటీ సభ్యులొకరు మొదటి రెండు వారాలు పొద్దున పూట వెంట తిరగాలి. యజమానిని కాదనే స్థితి ఆయనకు లేదు కదా.

తడి చెత్తను కవర్లో కట్టి ఇవ్వడం పూర్తిగా మానిపించండి. బకెట్ అడుగున పాత పేపరు పరిస్తే అంటుకోదు, పేపరు కూడా ఎరువులో కలుస్తుంది. పాల ప్యాకెట్ మూల కోసేటప్పుడు ఆ చిన్న ముక్కను తెగేదాకా కోయకండి, వేలాడనివ్వండి. తొట్టిలోంచి ఏరడానికి అన్నిటికంటే కష్టమైనవి ఆ ముక్కలే. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి, పైన ఎర్ర గీత పెట్టి విడిగా ఇవ్వాలి. తడి, పొడి, శానిటరీ పోగా మందులు, బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు నాలుగో డబ్బాలో.

రోజుకు 100 కిలోల చెత్త దాటే చోట దాన్ని వేరుచేసి, తడి చెత్తను ఆవరణలోనే శుద్ధి చేసుకునే బాధ్యత నిబంధనల ప్రకారం ఆ సంఘానిదే. 150 ఫ్లాట్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు ఈ లెక్కలోకి సులువుగా వస్తాయి. మీరు చిన్నవాళ్లే అయినా ఈ మాట నోటీసులో రాస్తే కొందరు వింటారు.

ఇంకొకటి. పొడి చెత్త అమ్మిన డబ్బు చాలాచోట్ల వాచ్‌మన్ ఇంటికి వెళ్తుంది. ‘పర్యావరణం’ పేరు చెప్పి దాన్ని అసోసియేషన్ ఖాతాలోకి మళ్లించకండి. చెత్త వేరు చేయడం మీద ఆయనకున్న శ్రద్ధ ఆ డబ్బుతో ముడిపడి ఉంది.

ప్రశ్న: వేసవిలో వారానికి నాలుగు ట్యాంకర్లు తెప్పిస్తున్నాం. ఖర్చు అందరికీ సమానంగా పంచుతున్నారు. మా ఇంట్లో ఇద్దరమే ఉంటాం. మీటర్లు పెట్టమంటే బిల్డర్ ఒక్కో ఫ్లాట్‌కు నాలుగు పైపులిచ్చాడు, కుదరదంటున్నారు. (మదీనాగూడ)

జవాబు: కుదురుతుంది, కాకపోతే ఖర్చు ఎక్కువ. మన పాత అపార్ట్‌మెంట్లలో పై ట్యాంకు నుంచి బాత్రూముల వరసకు ఒక పైపు, వంటగదుల వరసకు ఒక పైపు నిలువుగా దిగుతాయి. ఒక్కో అంతస్తులో ఫ్లాట్‌కు కొమ్మ తీస్తారు. రెండు బాత్రూములు, వంటగది, వాష్ ఏరియా కలిపి నాలుగు కొమ్మలు. కాబట్టి ఫ్లాట్‌కు నాలుగు మీటర్లు. 40 ఫ్లాట్లకు 160. అందుకే ముందు మీటర్ల జోలికి పోకుండా చేయాల్సిన పనులు రెండున్నాయి. వాటితోనే ట్యాంకర్లు తగ్గొచ్చు.

మొదటిది, పై ట్యాంకుకు ఎక్కే నీళ్లకు ఒక పెద్ద మీటరు, మోటారుకు ఆటోమేటిక్ కంట్రోలర్. ట్యాంకు నిండి పొర్లిపోవడం చాలా అపార్ట్‌మెంట్లలో రోజూ జరిగే తంతు. పొర్లేది రాత్రి పూట, ఎవరికీ కనిపించదు. రెండోది, ఇల్లిల్లూ కారే చోట్లు వెతకడం. ఫ్లష్ ట్యాంకులో చిటికెడు మిఠాయి రంగు వేసి 20 నిమిషాలు ఫ్లష్ చేయకుండా ఆగండి. కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు వాషర్ పోయింది. అది చప్పుడు లేకుండా రాత్రంతా కారుతుంది. వాషర్ ఖరీదు తక్కువ, ప్లంబర్ ఒక్కరోజులో పది ఇళ్లు చూస్తాడు. అందరూ కలిసి ఒకేసారి పిలిపిస్తే కూలీ కూడా కలిసొస్తుంది.

కుళాయిలకు ఏరేటర్లు (ధారలో గాలి కలిపి నీళ్లు తగ్గించే జాలీ మూతలు) పెట్టేముందు బకెట్, సెల్‌ఫోన్ గడియారంతో కొలవండి. మామూలు కుళాయి నిమిషానికి 10–15 లీటర్లు వదులుతుంది. వాష్‌బేసిన్‌కు 3–4 లీటర్లు, వంటింటి సింకుకు 5–6 లీటర్లు చాలు. స్నానాల గది బకెట్ కుళాయికి మాత్రం పెట్టకండి. బకెట్ నిండాల్సిందే కదా, ఆలస్యం తప్ప ఆదా ఏమీ లేదు. పై అంతస్తువాళ్లకు కూడా వద్దు. ట్యాంకుకూ వాళ్ల కుళాయికీ మధ్య ఎత్తు రెండు మూడు మీటర్లే కాబట్టి ధార అసలే సన్నం. బోరు నీళ్లు వాడేచోట ఏరేటర్ జాలీకి తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గంట నానబెడితే వదిలిపోతుంది.

ఆర్‌ఓ ఫిల్టరు నుంచి ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ పైపు బకెట్లో పెట్టి ఇల్లు తుడవడానికో, బాత్రూము కడగడానికో వాడండి. మొక్కలకు రోజూ పోస్తే ఉప్పు పేరుకుంటుంది. అసలు మీకు వచ్చే నీటి టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల మొత్తం) ఎంతో చూశారా? తాగునీటికి భారతీయ ప్రమాణం చెప్పే వాంఛనీయ హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. కుళాయి నీళ్లు దానికి లోపే ఉంటే ఉప్పు తీయడానికి ఆర్‌ఓ అవసరమే లేదు, యూవీ ఫిల్టరు సరిపోతుంది.

ఇవన్నీ అయ్యాకా గొడవ తేలకపోతే మీటర్లకు వెళ్లండి. వెళ్లేముందు ఇవి గుర్తుంచుకోండి. మీటరుకు ముందు పైపు వ్యాసానికి పది రెట్లు, తర్వాత ఐదు రెట్లు వంపు లేని పైపు ఉండాలి. 15 మిల్లీమీటర్ల పైపైతే ముందు 15 సెంటీమీటర్లు, తర్వాత ఏడున్నర. ఎల్బో పక్కనే మీటరు బిగిస్తే లెక్క తప్పుతుంది. ముందు జాలీ ఫిల్టరు లేకపోతే ట్యాంకులో ఇసుక చక్రానికి అడ్డం పడుతుంది. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండేటప్పుడు పైపులోంచి గాలి తోసుకొస్తుంది. చక్రం మీటరు ఆ గాలికి కూడా తిరిగి, రాని నీళ్లకు బిల్లు చూపిస్తుంది. ట్యాంకును అడుగంటనివ్వకపోవడమే దీనికి మందు. పై అంతస్తులకు అల్ట్రాసోనిక్ మీటర్లు మేలు. తిరిగే చక్రం ఉండదు, ఉన్న కాస్త ధారా తగ్గదు. చుక్కలు చుక్కలుగా కారే నీళ్లను చక్రం మీటర్లు చాలావరకు లెక్కించవు. అందుకే ఫ్లాట్ల మొత్తానికీ పెద్ద మీటరుకూ కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. పది శాతం దాటితే మాత్రం ఎక్కడో పైపు కారుతున్నట్టే.

బిల్లు రెండు ముక్కలుగా వేయండి. మోటారు రిపేరు, ట్యాంకు కడగడం, మోటారు కరెంటు లాంటివి ఫ్లాట్‌కు ఇంత అని సమానంగా. నీళ్లు మాత్రం కిలోలీటర్ల లెక్కన. ఉదాహరణకు 10,000 లీటర్ల ట్యాంకరు మీకు 1,500 రూపాయలు పడితే కిలోలీటరు 150. నగరాల నీటి పథకాలు మనిషికి రోజుకు 135 లీటర్లు అనే లెక్కతో వేస్తారు. నలుగురున్న ఇంటికి నెలకు సుమారు 16 కిలోలీటర్లు. అంతవరకు ఒక ధర, ఆపైన ఒకటిన్నర రెట్లు పెట్టండి. ఆరుగురున్న ఇంటికి అన్యాయం అనిపిస్తే మనుషుల లెక్కన హద్దు మార్చుకోవచ్చు. పసిపిల్లలు, మంచాన ఉన్న పెద్దవాళ్లు ఉన్న ఇళ్లకు కమిటీ అడక్కుండానే సడలింపు ఇవ్వాలి. వాళ్లను అందరి ముందూ సంజాయిషీ అడగడం మర్యాద కాదు.

హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకంలో అపార్ట్‌మెంట్‌కు వచ్చే వాటా ఆధార్ అనుసంధానం చేసుకున్న ఫ్లాట్ల సంఖ్య మీదే ఆధారపడుతుంది. పని చేసే మీటరు కూడా ఉండాలి. మీ దగ్గర ఎన్ని ఫ్లాట్లు మిగిలాయో ఒకసారి చూడండి.

ప్రశ్న: మా ఇంకుడు గుంతలో వాన నీళ్లు వారాల తరబడి నిలిచి దోమలు పెరుగుతున్నాయి. పూడ్చేద్దామంటున్నారు. (గుంటూరు)

జవాబు: పూడ్చకండి. మీది నల్లరేగడి నేల. తడిస్తే ఉబ్బి, సందులు మూసుకుపోయి నీళ్లను కిందికి పోనివ్వదు. ఆ పొర దాటి గరప తగిలేదాకా, గుంత అడుగున మనిషి చేతి బోరుతో ఒక రంధ్రం వేసి చిల్లుల పైపు దించి చుట్టూ కంకర పోయిస్తే దిగుతుంది. హైదరాబాద్‌లో చిక్కు వేరు. కొన్ని అడుగుల్లోనే గట్టి రాయి తగిలితే ఆ గుంత ఇంకదు, ఉత్త తొట్టే. పగుళ్లున్న చోటు చూసి తవ్వాలి. విజయవాడలో కృష్ణ ఒండ్రు నేలలున్న పేటల్లో మామూలు గుంతే చక్కగా పనిచేస్తుంది.

నేల మంచిదే అయి, మొదట్లో బాగా ఇంకి ఇప్పుడు ఆగిపోతే పైన ఉన్న ఇసుక మీద ఒండు పేరుకున్నట్టు. ఏటా మే నెలలో పై ఆరు అంగుళాల ఇసుక తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ పోయాలి. ఇసుకకూ 20 మిల్లీమీటర్ల కంకరకూ మధ్య నైలాను జాలీ వేస్తే ఇసుక కిందికి దిగదు. దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి సుమారు వారం పైనే పడుతుంది. నీళ్లు మూడు నాలుగు రోజుల్లో ఇంకిపోతే బెంగలేదు. కార్లు కడిగిన నీళ్లు, సెల్లార్ నీళ్లు గుంతలోకి రానివ్వకండి.

నిజానికి మీకు మేం చెప్పేది, డాబా నీళ్లను భూమికి పంపేముందు సంపులో నింపుకోండి. 5,000 చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 4,600 లీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడే చోట, పోయేది పోగా 3 లక్షల లీటర్లు. అంటే 30 పెద్ద ట్యాంకర్లు. మొదటి వానకు డాబా చిమ్మించండి. ప్రతి వానలోనూ మొదటి పది నిమిషాల నీళ్లు బయటికి వదిలే వాల్వు పెట్టండి. తర్వాతివి ఇసుక, కంకర ఫిల్టరు గుండా సంపుకి, సంపు నిండితే గుంతకి. ఈ నీళ్లు వాడుకకు, తాగడానికి కాదు.

ప్రశ్న: పుట్టినరోజులు, సీమంతాలు, వినాయక చవితి భోజనాలు, ఏది జరిగినా రెండు బస్తాల పేపరు ప్లేట్లు, గ్లాసులు. స్టీలు సామాను కొంటే కడిగేదెవరని అడుగుతున్నారు. (విజయవాడ)

జవాబు: సరైన ప్రశ్నే అడిగారు. సిద్దిపేటలో వార్డుల్లో, పల్లెల్లో నడిచిన స్టీల్ బ్యాంకుల (విందులకు ఉమ్మడి స్టీలు సామాను ఇచ్చే ఏర్పాటు) గురించి విని చాలామంది సామాను కొంటారు, కడిగే ఏర్పాటు మాత్రం చూడరు. ఏడాదికల్లా సామాను అటకెక్కుతుంది.

60 ఫ్లాట్ల లోపైతే 150 కంచాలు, 150 గ్లాసులు, 300 చిన్న గిన్నెలు, 30 వడ్డించే గరిటెలు, పది బేసిన్లు, నాలుగు మూత గిన్నెలు చాలు. కంచాలు ఒకే మోడల్ కొనండి, లేకపోతే ఒకదానిలో ఒకటి కూర్చోవు. పాత్రల కొట్టులోనే అపార్ట్‌మెంట్ పేరు చెక్కించండి, అంత సామాను కొంటే చాలామంది ఊరికే చెక్కిస్తారు. 25 చొప్పున గోనెసంచుల్లో కట్టి ఉంచితే ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ లెక్క క్షణంలో తేలుతుంది. తగ్గిన ముక్కకు కొత్తదాని ధర. ఇందులో మొహమాటం వద్దు.

కడగడానికి మనిషిని కుదిరించి, కూలీని సామాను అద్దెలోనే కలపండి. ‘మీరే కడుక్కొని ఇవ్వండి’ అంటే జిడ్డు కంచాలే తిరిగొస్తాయి. ఆపై ఇంకొకరు తీసుకోరు. కుళాయి కింద కడిగితే నీళ్లు దండగ. మూడు పెద్ద టబ్బులు పెట్టించండి. మొదటి దాంట్లో మెతుకులు వదిలించి, రెండో దాంట్లో సబ్బు నీళ్లతో తోమి, మూడో దాంట్లో జాడించాలి. మొదటి టబ్బు నీళ్లను జల్లెడ పట్టి పిప్పిని ఎరువు తొట్టిలో వేయండి. ఎండలో బోర్లించి పూర్తిగా ఆరాకే సంచిలో కట్టాలి. తడిగా పేరిస్తే మచ్చలు, వాసన.

విస్తరాకులు దొరికే ఊరైతే భోజనాలకు అవే మంచివి. వాడాక చింపి ఎరువు తొట్టిలో వేయండి, మడతపెట్టి వేస్తే లోపల మగ్గదు. ప్లాస్టిక్ పూత ఉన్న ఆకు ప్లేట్లు అమ్ముతున్నారు, వెనక్కి తిప్పి చూసి కొనండి.

నిచ్చెన, డ్రిల్లింగ్ మెషిను లాంటివి కూడా ఉమ్మడిగా ఉంచుకోవచ్చా అని ఇంకొందరు అడిగారు. ఉంచుకోవచ్చు, ఒక రిజిస్టరుతో, ఒక్క మనిషి దగ్గర. డ్రిల్ బిట్లు మాత్రం ఎవరివి వాళ్లే కొనుక్కోవాలి. విరిగిన బిట్ ఎవరు విరిచారో ఏ రిజిస్టరూ చెప్పదు.

ప్రశ్న: డాబా మీద సోలార్ పెడితే లిఫ్టు, మోటారు బిల్లు తగ్గుతుందా? పై అంతస్తువాళ్లు కప్పు కారుతుందంటున్నారు, పెద్దవాళ్లు వడియాలు ఎక్కడ ఎండబెట్టాలంటున్నారు. (విశాఖపట్నం)

జవాబు: ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల ఎండ పడే చోటు కావాలి. రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. 10 కిలోవాట్లైతే నెలకు 1,200 యూనిట్లు. గడిచిన 12 నెలల కామన్ మీటరు బిల్లులు ముందు పెట్టుకుని, యూనిట్ల సగటుకు సరిపడా మాత్రమే పెట్టించండి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల రాయితీ ఉంది.

పై అంతస్తువాళ్ల భయం న్యాయమైనదే. స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు బిగిస్తే అక్కడి నుంచి నీళ్లు దిగుతాయి. స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోయించి వాటిలోనే కాళ్లు నిలపమనండి. మీది 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు. మన దేశ నిర్మాణ ప్రమాణాల్లో విశాఖకు గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. హైదరాబాద్‌లో వాడే ఫ్రేమునే ఇక్కడా బిగిస్తామంటే ఒప్పుకోకండి. 50 మీటర్ల లెక్కతో ఇంజనీరు సంతకం చేసిన డ్రాయింగ్ అడగండి. ఉప్పుగాలికి మామూలు బోల్టులు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి. వాటర్ ట్యాంకు, లిఫ్టు గది నీడ మన దగ్గర ఎక్కువ కాలం ఉత్తరం వైపు పడుతుంది. ప్యానెళ్లు వాటికి దక్షిణంగా రావాలి. పక్షానికోసారి తెల్లవారుజామున కడగాలి. బోరు నీళ్లతో కడిగి వదిలేస్తే తెల్ల మచ్చలు పడతాయి.

వడియాల సంగతికి వస్తే, ఫ్రేము ఎనిమిది అడుగుల ఎత్తున వేయిస్తే కింద నడవొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం నీడ ఇంచుమించు ప్యానెళ్ల కిందే పడుతుంది. కాబట్టి డాబాలో ఒక పక్క పదడుగుల మేర ఖాళీగా వదిలితే వడియాలకీ, మామిడి తాండ్రకీ సరిపోతుంది. ఆ స్థలాన్ని డ్రాయింగ్‌లోనే గీత గీసి చూపించమనండి.

ప్రశ్న: సెల్లార్‌లో స్కూటర్ చార్జింగ్‌కు ఇంటి కిటికీలోంచి వైరు లాగుతున్నాం. ప్రమాదమా? (వరంగల్)

జవాబు: ప్రమాదమే, ఈ రోజే తీసేయండి. మీ ఫ్లాట్ మీటరు నుంచి విడి వైరు పైపులో దించి, 16 ఆంప్స్ సాకెట్, దానికి ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్చు), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపి షాక్ నుంచి కాపాడే స్విచ్చు) పెట్టించండి. వాన నీళ్లు సెల్లార్‌లోకి వచ్చే అలవాటుంటే సాకెట్ నేలకు నాలుగడుగుల ఎత్తున ఉండాలి. కామన్ మీటరు నుంచి తీసుకుంటే ఒక్కో సాకెట్‌కు చిన్న సబ్‌మీటరు తప్పనిసరి. 3 నుంచి 4 యూనిట్లు పట్టే బ్యాటరీకి గోడ దగ్గర మూడున్నర నుంచి నాలుగున్నర వరకు లాగుతుంది. ఆ తేడా చార్జర్ వేడికి పోతుంది. సబ్‌మీటరు లెక్కనే వసూలు చేయండి, బ్యాటరీ మీద రాసిన అంకెను బట్టి కాదు.